కార్బురేటర్ కింద పది మిల్లీమీటర్ల అడ్డు

మా నాన్నగారు ఇరవై రెండేళ్లు నడిపి నా చేతికిచ్చిన కారుకు ఒక మొండితనం ఉండేది. గంటసేపు నడిపి, ఇంజన్ ఆపి, పావుగంట తర్వాత మళ్లీ తాళం తిప్పితే సెల్ఫ్ తిరిగేది గాని ఇంజన్ అందుకునేది కాదు. అదే కారు తెల్లవారి చలిలో ఒక్క తిప్పుకే లేచేది. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ కింద, ఇంజన్ వేడి పాకకుండా పెట్టే దిమ్మెను స్పేసర్ అంటారు. ఈ బాధ తీరుస్తుందని చెప్పి అమ్మే ఫినాలిక్ స్పేసర్ కిట్టు ఒకటి కొని, నేనే బిగించుకుని, ఎండాకాలమంతా నడిపాను. వస్తువు మంచిదే. అయితే పెట్టె మీద రాసిన జబ్బులు రెండు: ఆపాక ఇంజన్ పెట్రోల్‌లో మునగడం, గొట్టంలో పెట్రోల్ ఆవిరై ఇంజన్‌కు అందకపోవడం, అంటే వేపర్ లాక్. అది నయం చేసేది మొదటిదాన్నే.

కిట్టులో పది మిల్లీమీటర్ల మందమున్న గోధుమరంగు దిమ్మె, రెండు గాస్కెట్లు, నాలుగు పొడవాటి స్టడ్లు, ఒక పల్చటి అల్యూమినియం రేకు ఉన్నాయి. దిమ్మె బేకలైట్ జాతికి చెందిన పదార్థం. అల్యూమినియం గుండా పారే వేడిలో వందల వంతుల్లో ఒక వంతు మాత్రమే దీని గుండా పోతుంది. పని అంతా ఆ ఒక్క గుణం మీదే నడుస్తుంది.

ఎందుకంటే ఇంజన్ ఆపిన క్షణం నుంచి కార్బురేటర్‌కు కష్టకాలం మొదలవుతుంది. ఫ్యాన్ ఆగుతుంది, నీళ్లు తిరగడం ఆగుతుంది, చల్లటి పెట్రోల్ రావడమూ ఆగుతుంది. కార్బురేటర్ కింద, గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని సిలిండర్లకు చేర్చే మానిఫోల్డ్‌లో ఉన్న వేడి మాత్రం నెమ్మదిగా పైకి పాకుతుంది. పెట్రోల్ నీళ్లలా ఒకే ఉష్ణోగ్రత దగ్గర మరిగే ద్రవం కాదు. అందులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరి కావడం మొదలుపెడతాయి, బరువైనవి 200 డిగ్రీల దాకా నిలుస్తాయి. ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ విడిగా 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది గాని, కొద్ది పాళ్లలో కలిస్తే పెట్రోల్ ఆవిరి పీడనాన్ని ఇంకా పెంచుతుంది. పాత కార్లకు ఇప్పటి పెట్రోల్‌తో ఈ ఇబ్బంది ఎక్కువ కావడానికి అదొక కారణం. కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే చిన్న గది అయిన ఫ్లోట్ చాంబర్‌లో మరిగిన పెట్రోల్, జెట్ అనే సన్నటి రంధ్రం గుండా పొంగి మానిఫోల్డ్‌లోకి కారుతుంది. ఇంజన్ లేవకపోవడం పెట్రోల్ అందక కాదు, పెట్రోల్‌లో మునిగి.

వేపర్ లాక్ అనేది వేరు. ఇంజన్ పక్కనుండే మెకానికల్ పంపు ట్యాంకు నుంచి పెట్రోల్‌ను పీలుస్తుంది. పీల్చే వైపు గొట్టంలో పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గిన చోట పెట్రోల్ ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. ద్రవాన్ని తోయడానికి చేసిన పంపు ఆవిరిని తోయలేదు. ఫ్లోట్ చాంబర్ ఖాళీ అవుతుంది.

ఈ రెండింటినీ వేరు చేయకుండా ఏ కిట్టూ కొనవద్దని నా గట్టి మాట. కారు మొరాయించినప్పుడు తాళం ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ, యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకు అయిన థ్రాటిల్‌ను చేత్తో ఒకసారి తెరవండి. నిప్పు దగ్గరలో ఉండకూడదు. సన్నటి ధార చిమ్మితే పెట్రోల్ ఉన్నట్టు. గోడలు తడిసి ఘాటైన వాసన వస్తే ఇంజన్ మునిగినట్టు. అప్పుడు యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి, అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. మళ్లీ మళ్లీ తొక్కితే మునిగినదాన్ని ఇంకా ముంచినట్టే. ధార అసలు రాకపోతే లోపం కార్బురేటర్ కన్నా వెనకాల ఉంది. ఎస్‌యూ రకం కార్బురేటర్లలో ఈ ధారను చిమ్మే యాక్సిలరేటర్ పంపు ఉండదు కాబట్టి వాటికి ఈ పరీక్ష పనికిరాదు. ఇంకొకటి, వేడెక్కాక ఇగ్నిషన్ కాయిల్ చచ్చుబడినా లక్షణాలు ఇలాగే ఉంటాయి. ముందు ప్లగ్గులో నిప్పురవ్వ వస్తోందో లేదో చూడాలి. నేను మొదట చూడలేదు, రెండు ఆదివారాలు పోయాయి.

బిగించడం పెట్టె మీద చెప్పినంత సులువు కాదు. దిమ్మె రంధ్రం అంచు కార్బురేటర్ గొంతు కన్నా ఒక మిల్లీమీటరు లోపలికి పొడుచుకొచ్చింది. గాలి దారిలో అలాంటి మెట్టు ఉండకూడదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, గరుకు కాగితంతో గంటన్నర అరగదీశాను. కార్బురేటర్ పది మిల్లీమీటర్లు పైకి లేచినందువల్ల యాక్సిలరేటర్ తీగ కొలత మారింది. పెడల్ పూర్తిగా తొక్కినా థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోలేదు. తీగ, చోక్ రెండూ మళ్లీ సరిచేసుకోవలసి వచ్చింది. ఎయిర్ క్లీనర్ మీద మట్టిముద్ద పెట్టి బానెట్ మూసి చూస్తే మిగిలిన జాగా వేలెడు. ఈ విషయాల్లో ఒక్కటీ సూచనల కాగితంలో లేదు. దీన్ని నేను క్షమించలేను. నట్లను మాత్రం అతిగా బిగించవద్దని రాశారు. అది నిజమే. కార్బురేటర్ అడుగుభాగం వంగితే గాలి లోపలికి చొరబడి ఇంజన్ నిలకడ పోతుంది.

ఫలితం కొలిచి చూశాను. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే లోహం మీద తప్పు చూపిస్తుంది. అందుకని ఫ్లోట్ చాంబర్ మీద నల్ల టేపు అంటించి దాని మీద కొలిచాను. దాదాపు ఒకే ఎండలో, ఒకే దారిలో నడిపి ఆపిన ఇరవై నిమిషాలకు, స్పేసర్ లేనప్పుడు 71 డిగ్రీలు, వేశాక 56. ఎండాకాలమంతా ఇంజన్ మునగడం రెండుసార్లకు మించి జరగలేదు. మొదటి వారం, ఎండలో ఆపి ఇరవై నిమిషాలకు తాళం తిప్పగానే ఇంజన్ లేచినప్పుడు నాన్నగారి ముఖం చూడాలి. పక్క సీట్లోంచి ఏమీ అనలేదు, డాష్‌బోర్డును నెమ్మదిగా నిమిరారు.

కానీ ఘాట్ రోడ్డు మీద, వాహనాల వరుసలో నత్తనడకన ఎక్కుతున్నప్పుడు కారు ఎప్పటిలాగే తడబడింది. అక్కడ స్పేసర్ చేయగలిగింది ఏమీ లేదు. పెట్రోల్ గొట్టం ఒకచోట ఎగ్జాస్ట్‌కు రెండు వేళ్ల దూరంలో పోతోంది. పంపుకు ముందున్న రబ్బరు గొట్టం పగుళ్లు తేలి గాలి పీలుస్తోంది. గొట్టాన్ని దూరం జరిపి, రబ్బరు ముక్క మార్చాక తడబాటు చాలావరకు పోయింది. అయినా తగ్గనివారికి దారి ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టడం. అది పెట్రోల్‌ను పీల్చకుండా వెనకనుంచి తోస్తుంది. గొట్టంలో పీడనం పెరిగి, పెట్రోల్ మరగడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. అయితే కార్బురేటర్ తట్టుకునే పీడనానికి మించని పంపునే ఎంచుకోవాలి. ప్రమాదం జరిగితే దానంతటదే ఆగే స్విచ్చు తప్పకుండా ఉండాలి.

ఆపిన తర్వాత లేవని కారుకు ఈ కిట్టు నిస్సందేహంగా కొనవచ్చు, ఒక పూట పని పెట్టుకుని. నడుస్తూ నడుస్తూ ఆగిపోయే కారుకు మాత్రం వద్దు. ముందు ట్యాంకు నుంచి పంపు దాకా గొట్టం వెంట చెయ్యి పెట్టి తడుముకుంటూ వెళ్లండి.