ఏడబ్ల్యూఈ32 సౌండ్ కార్డు కొనేవాళ్లు జాగ్రత్త: మిడి పాట వీడియో చూసి డబ్బులు పంపొద్దండి

పాత కంప్యూటర్లు, మిడి సంగీతం (ఫైలులోని సూచనలు చూసి కంప్యూటరే వాయించే పాటలు) అంటే ప్రాణం పెట్టే అన్నలకు, తమ్ముళ్లకు ఒక హెచ్చరిక. చిత్తూరులో ఉంటానని చెప్పుకుంటూ ఒకాయన క్రియేటివ్ కంపెనీ పాత సౌండ్ కార్డు, సౌండ్ బ్లాస్టర్ ఏడబ్ల్యూఈ32 అమ్ముతున్నాడు. నేను 6,500 రూపాయలు ఫోన్‌పేలో పంపినాను. ఆయన పంపిన కార్డు ఏడబ్ల్యూఈ32 కాదు.

ఫొటోలో ఉన్నది మాత్రం అసలుదే. పాత కంప్యూటర్లలో ఉండే ఐఎస్ఏ స్లాట్‌లో పెట్టే పొడవాటి బోర్డు, దాని మీద ర్యామ్ పెట్టుకునేందుకు రెండు సిమ్ స్లాట్లు (ఫోన్ సిమ్ కాదు, పాతకాలం ర్యామ్ పలకలు). పనిచేస్తుందా అని అడిగితే వీడియో కూడా పంపినాడు. విండోస్‌లో మిడి పాట, ఫ్లూటు, స్ట్రింగ్స్, డ్రమ్స్ అన్నీ శుభ్రంగా వినిపిస్తున్నాయి. తీరా తిరుపతి బస్టాండులో పార్సిల్ తీసుకుని విప్పితే లోపల అరచేతిలో పట్టే చిన్న కార్డు. సిమ్ స్లాట్లు లేవు. పెద్ద చిప్పు మీద 'ఏడబ్ల్యూఈ32' అని ప్రింటు చేసిన స్టిక్కరు. అది పీకితే కింద ఈఎస్ఎస్ అనే వేరే కంపెనీ చిప్పు ఈఎస్1868 బయటపడింది.

ఫోన్ చేస్తే, "అది కూడా సౌండ్ బ్లాస్టర్ కంపాటిబులే కదా సార్" అన్నాడు. ఆ తర్వాత నంబరు బ్లాక్ చేసినాడు.

ఆయన చెప్పిన దాంట్లో సగం నిజముంది, మోసం ఆ సగంలోనే ఉంది. ఈఎస్1868 చెడ్డ కార్డు కాదు. డాస్ (విండోస్‌కు ముందటి సిస్టమ్) ఆటల్లో సౌండ్ బ్లాస్టర్ ప్రో అనే పాత కార్డు అడిగే చోట చక్కగా పనిచేస్తుంది, ఎఫ్ఎం సంగీతం (రేడియో కాదు, రికార్డింగు లేకుండా చిప్పే పుట్టించే స్వరాలు) కూడా బాగానే ఇస్తుంది. దాని పేరుతో, దాని ధరకు అమ్మి ఉంటే నాకు ఏ బాధా లేదు. కానీ 1994లో వచ్చిన ఏడబ్ల్యూఈ32 కథే వేరు. అందులో ఈఎంయూ8000 అనే సింథ్ చిప్పు (స్వరాలు వాయించే చిప్పు), దానికి 1 ఎంబీ రోమ్ (చెరిగిపోని మెమరీ) ఉంటుంది. నిజం వాయిద్యాల నుంచి రికార్డు చేసిన స్వరాలు ఆ రోమ్‌లోనే ఉంటాయి. సిమ్‌లు వేసుకుంటే మనకు నచ్చిన సౌండ్‌ఫాంట్లు (వేరే వాయిద్యాల స్వరాలున్న ఫైళ్లు) కూడా ఎక్కించుకోవచ్చు. ఇవేవీ ఈఎస్1868లో లేవు.

అసలు మిడి ఫైలులో శబ్దమే ఉండదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత గట్టిగా, ఏ వాయిద్యం మీద అన్నది మాత్రమే ఉంటుంది. 1991లో వచ్చిన జనరల్ మిడి అనే ప్రమాణం 128 వాయిద్యాలకు వరుస నంబర్లు ఇచ్చింది: 105 సితార్, 112 షెహనాయి. ఆ 112 దగ్గరికి వచ్చేసరికి ఎఫ్ఎం కార్డు ఒక గొంతు పలుకుతుంది, ఏడబ్ల్యూఈ32 ఇంకో గొంతు, రోలాండ్ ఎస్‌సీ-55 అనే విడి మిడి పెట్టె మరొకటి. బాలాజీ కాలనీ వైపు కంప్యూటర్ సెంటర్లలో చదువుకున్న రోజుల్లో ఒకే పాట ఒక్కో మెషీన్‌లో ఒక్కో రకంగా మోగేది. ఆ తేడా మళ్లీ చెవులారా వినాలనే ఇప్పటికీ మనం ఈ కార్డుల కోసం వెతుకుతున్నాం.

ఇక వీడియో సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. విండోస్‌లో మిడి ఫైలు తెరిస్తే కార్డులోని సింథ్ వాయించాలనేం లేదు. మైక్రోసాఫ్ట్ జీఎస్ వేవ్‌టేబుల్ సింథ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఎంచుకుని ఉంటే ప్రాసెసరే ఆ స్వరాలన్నీ తయారుచేస్తుంది, కార్డు వాటిని స్పీకరుకు చేర్చడం వరకే. కాబట్టి ఏ కార్డు పెట్టినా అదే శబ్దం వస్తుంది. నాకు పంపిన వీడియోలో జరిగింది ఇదే.

కొనేముందు మెషీన్‌ను అచ్చంగా డాస్‌లో బూట్ చేసి, ఏడబ్ల్యూఈ32తో వచ్చే ఏడబ్ల్యూఈయుటిల్ ప్రోగ్రాం నడిపి, స్క్రీన్, కార్డు రెండూ ఒకే షాట్‌లో కనబడేలా వీడియో తీయమనండి. ఈఎంయూ8000 లేకపోతే ఆ ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. కార్డుకు రెండు వైపులా ఫొటోలు, పక్కన కాగితం మీద ఆ రోజు తేదీ రాసి పెట్టమనండి. బోర్డు మీద సీటీతో మొదలయ్యే మోడల్ నంబరు ఉంటుంది, సీటీ2760, సీటీ3900 లాంటివి. అది స్పష్టంగా చదవగలగాలి. చిప్పుల మీద స్టిక్కర్లు ఉంటే పీకి చూపించమనండి. యమహా ఓపీఎల్3 (ఎఫ్ఎం సంగీతం ఇచ్చే చిప్పు) కోసం వెతికేవాళ్లు ఒకటి గమనించండి: కొన్ని క్రియేటివ్ కార్డుల్లో వైఎంఎఫ్262 అని విడి చిప్పు ఉంటుంది, కొన్నింట్లో అది సీటీ1747 అనే క్రియేటివ్ చిప్పు లోపలే కలిసిపోయి ఉంటుంది. విడి చిప్పు కనబడనంత మాత్రాన నకిలీ అనుకోవద్దు.

డబ్బులు పోయినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. నేను ఫిర్యాదు ఇచ్చినాను, చాట్ స్క్రీన్‌షాట్లు, పేమెంట్ రసీదు, స్టిక్కరు పీకక ముందు, పీకిన తర్వాత తీసిన ఫొటోలు జతచేసినాను. ఇంకా జవాబు రాలేదు.

అదే ఫొటో నిన్న వేరే పేరుతో, వేరే నంబరుతో మళ్లీ కనబడింది, ఈసారి ధర 5,000. ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టిన కార్డు, రెండు సిమ్ స్లాట్లలో ఒకదాంట్లోనే ర్యామ్, బ్రాకెట్ అంచున తుప్పు. తిరుపతి చుట్టుపక్కల వాళ్లు ఎవరైనా అమ్మే మనిషిని నేరుగా కలిసి కొనేటట్టుంటే నాకు చెప్పండి. ఐఎస్ఏ స్లాట్లున్న పెంటియం మెషీన్ నా దగ్గర నడుస్తోంది, డబ్బులు ఇవ్వకముందే అందులో పెట్టి చూద్దాం.