సైబర్‌ట్రక్: బండికి మార్కులు వేరు, సినిమా హంగుకి మార్కులు వేరు

అమెరికాలోని ఫ్రిస్కోలో మా ఫ్రెండ్ వాళ్ల అన్నయ్య టెస్లా వాళ్ల కరెంటు ట్రక్కు సైబర్‌ట్రక్ తీస్కున్నాడు, వీకెండ్ నడుపుకోరా అని నా చేతికిచ్చాడు, సో బండి సంగతి ముందు చెప్పేస్తా. స్టీరింగ్ అయితే సూపర్ అసలు. స్టీరింగ్‌కీ చక్రాలకీ మధ్య రాడ్డు ఉండదు, అంతా వైర్ల మీదే, వెనక చక్రాలు కూడా తిరుగుతాయి కాబట్టి ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో అంత పెద్ద బండిని చెయ్యి మీద చెయ్యి మార్చకుండా స్లాట్‌లో పెట్టేశా. పికప్ గురించి చెప్పక్కర్లేదు, కాలు పెడితే వీపు సీటుకి అతుక్కుపోద్ది. వెనక బెడ్ కవర్ మూస్తే మాత్రం లోపలి అద్దంలో రోడ్డు కనపడదు, స్క్రీన్ మీద కెమెరానే దిక్కు, డిజైనే అంత.

కానీ బండి ఆపిన చోటల్లా జనం అడిగింది చార్జింగ్ గురించి కాదు, టెస్లా బాస్ ఎలాన్ మస్క్ గురించి. "రియల్ ఐరన్ మ్యాన్ రా బాబూ" అంటూ ఒకాయన బానెట్ నిమిరాడు, వేలిముద్రలన్నీ స్టీలు మీద అచ్చుపడ్డాయి. ఆ మాట ఊరికే రాలేదు. 2010లో ఐరన్ మ్యాన్ 2 సినిమాలో మస్క్ స్వయంగా కనిపించాడు, కొంత షూటింగ్ ఆయన రాకెట్ కంపెనీ స్పేస్‌ఎక్స్ ఫ్యాక్టరీలోనే జరిగింది. 2018లో తన ఎర్ర కారుని రాకెట్‌లో పెట్టి పైకి పంపినప్పుడు దాని స్క్రీన్ మీద "డోంట్ పానిక్" అని ఒక సైన్స్ ఫిక్షన్ నవల్లోని మాట పెట్టారు. ఈ ట్రక్కుని అందరికీ చూపించింది 2019 నవంబర్‌లో లాస్ ఏంజెలెస్ దగ్గర, బ్లేడ్ రన్నర్ అనే హాలీవుడ్ సినిమా కథ జరిగేది కూడా ఆ ఊళ్లోనే, సరిగ్గా ఆ నెలలోనే. మరి ఆ సినిమాలో పెద్ద కంపెనీ ఓనరు హీరో కాదు కదా, మనుషుల్లాంటి వాళ్లని తయారుచేసి బానిసలుగా వాడించే మనిషి. ట్రక్కుకి ఆ సినిమా లుక్ తీసుకుని కథ వదిలేశారు.

ఐరన్ మ్యాన్ సినిమాల్లో హీరో ఒక్కడే కూర్చుని ఎగిరే ఇనప సూట్ తయారుచేస్తాడు, ఆ బొమ్మనే మనం ఈయనకి అతికించేశాం. టెస్లాని 2003లో మొదలుపెట్టింది మార్టిన్ ఎబర్‌హార్డ్, మార్క్ టార్పెనింగ్, మస్క్ 2004లో పెట్టుబడితో వచ్చాడు. ట్రక్ డిజైన్ చూసింది ఫ్రాంజ్ వాన్ హోల్జ్‌హౌసెన్ టీమ్. స్పేస్‌ఎక్స్ నిలదొక్కుకోడానికి 2008లో నాసా ఇచ్చిన 1.6 బిలియన్ డాలర్ల కాంట్రాక్టు పెద్ద ఆసరా, అంటే పన్ను కట్టేవాళ్ల డబ్బు. ఆయన తెగింపు లేదనట్లేదు, కానీ ఒక్క ఫీచర్ వెనక ఎంతమంది నిద్రలు పోతాయో రోజూ ఆఫీసులో చూసే మన ఇంజనీర్లే క్రెడిట్ మొత్తం ఒక్కడికి రాసిచ్చేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

2023లో న్యూజెర్సీలో మనోళ్లు టెస్లాలు వరసగా పెట్టి నాటు నాటుకి లైట్లు ఆడించారు, ఆ వీడియో చూసి నాకూ ఒళ్లు పులకరించింది. ఆ ప్రేమ ఉండనీండి, ధర మాత్రం గట్టిగా అడగండి. 2019లో 39,900 డాలర్ల నుంచి మొదలన్నారు, టాప్ మోడల్ 69,900కి 500 మైళ్లు పోతుందన్నారు. 2023 చివర్లో డెలివరీలు మొదలయ్యేసరికి టాప్ మోడల్ 99,990, రేంజ్ 320. 2025 మార్చిలో ముందు అద్దం పక్కనుండే స్టీలు పట్టీ ఊడొచ్చని 46 వేల పైచిలుకు బళ్లు రీకాల్ చేశారు. ఇదే ఇంకో కంపెనీ చేసుంటే మన వాట్సాప్ గ్రూపులు ఊరుకునేవా?

నా రేటింగ్: నడపడానికి 5కి 4.5, డబ్బుకి తగ్గ విలువకి 2.5. ట్రైలర్ లాగే పని ఉండి ఇంట్లో చార్జర్ ఉన్నవాళ్లు ఆలోచించొచ్చు, పిల్లల్ని స్కూల్లో దింపడానికైతే వద్దు. బుక్ చేసేముందు గరాజ్ లోపలి పొడవు టేపు పెట్టి కొలవండి, బండి 18 అడుగుల పైనే ఉంటుంది.