క్రాస్‌బో, పొడవాటి విల్లు, వత్తి తుపాకి: ఏది మేలు?

క్రాస్‌బో అంటే చెక్క దిమ్మెకు అడ్డంగా బిగించి, మీట నొక్కి బాణం వదిలే విల్లు. 15వ శతాబ్దపు ఉక్కు క్రాస్‌బోను ఎక్కుపెట్టాలంటే 450 కిలోల బలం కావాలనగానే, 65 కిలోల ఇంగ్లిష్ పొడవాటి విల్లు ఆటబొమ్మలా తోస్తుంది. మెలిక ఇక్కడే ఉంది. క్రాస్‌బో నారి వెనక్కి జరిగేది 15 సెంటీమీటర్లే, చేతి విల్లు నారి 60 దాకా వస్తుంది. బలాన్ని దూరంతో హెచ్చవేసి సగం చేస్తే క్రాస్‌బోలో సుమారు 330 జౌల్‌ల శక్తి, విల్లులో 190. ఏడు రెట్ల బలం పెట్టినా శక్తి రెండింతలు కూడా కాలేదు. అందులోనూ చాలా భాగం బరువైన ఉక్కు కమాను కదలడానికే ఖర్చవుతుంది. చివరికి బాణానికి దక్కేది రెండింట్లోనూ కాస్త అటూఇటూగా అంతే. కాబట్టి క్రాస్‌బో గొప్ప దాని దెబ్బలో లేదు.

గొప్పంతా ఆగడంలో ఉంది. లాగిన నారిని జింక కొమ్ముతో చేసిన చిన్న చక్రం పట్టి ఉంచుతుంది, మనిషి భుజం మీద భారం పడదు. కోట గోడ కంతలోంచి గురిపెట్టి, ఎదుటివాడు తల బయటపెట్టేదాకా కాచుకోవచ్చు. 65 కిలోల విల్లును పూర్తిగా లాగి కొన్ని సెకన్లకు మించి ఆపలేం. క్రాస్‌బో నేర్చుకోవడమూ తేలికే. పొడవాటి విల్లుకైతే చిన్ననాటి నుంచి సాధన కావాలి. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధనౌకలో దొరికిన అస్థిపంజరాల్లో కొన్నింటికి భుజం ఎముక కొస అతుక్కోకుండా ఉండిపోయింది. చిన్నప్పటి నుంచీ బరువైన విల్లు లాగడం వల్లే అలా అయిందని, అవి విలుకాళ్లవని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

వేగంలో మాత్రం క్రాస్‌బో తేలిపోతుంది. ముందున్న ఇనప రికాబులో పాదం పెట్టాలి, క్రాస్‌బో వెనక కొసకు కప్పీల యంత్రం తగిలించాలి, కొక్కేలు నారికి వేయాలి, రెండు పిడులూ తిప్పాలి, నారి చక్రంలో పడ్డాక యంత్రం ఊడదీయాలి, అప్పుడు బాణం పెట్టాలి. నిమిషానికి ఒకటి, మహా అయితే రెండు. ఈలోపు విలుకాడు పది వదులుతాడు. 1346లో ఫ్రాన్స్‌లోని క్రెసీ యుద్ధంలో జెనోవా క్రాస్‌బో సైనికుల పెద్ద డాళ్లు వెనక సామాను బళ్లలోనే ఉండిపోయాయి. ఎక్కుపెట్టేటప్పుడు చాటు లేక ఇంగ్లిష్ విలుకాళ్ల బాణాల వానకు దొరికిపోయారు.

నారి దగ్గర ఇంకో చిక్కు. విలుకాడు వానొస్తే నారి విప్పి పొడిగా దాచుకుంటాడు. ఉక్కు కమానుకు నారి ఎక్కించాలన్నా దించాలన్నా దాన్ని ముందు అదనపు నారితోనో బిగింపు చట్రంతోనో వంచాలి, యుద్ధం మధ్యలో అది కుదరదు. అందుకే జనపనార నారికి మైనం దట్టంగా పట్టిస్తారు. చక్రానికి రాసుకునే నడిమి భాగం ముందు అరుగుతుంది కాబట్టి అక్కడ అదనంగా దారం చుడతారు. బాణం లేకుండా మీట నొక్కితే శక్తంతా కమాను మీదే పడి నారి తెగొచ్చు, కమానే పగలొచ్చు. బాణం తోక నారికి ఆనకుండా ముందుకు జారినా ఇంచుమించు అదే ప్రమాదం.

రగిలే వత్తితో మందు అంటించి పేల్చే వత్తి తుపాకిదీ నెమ్మది వేగమే, వానకు వత్తి ఆరిపోతుంది, చీకట్లో దాని నిప్పే ఆచూకీ చెబుతుంది. అయినా గుండు శక్తి వెయ్యి జౌల్‌లు దాటుతుంది, పైగా అది కండబలం నుంచి రాదు. మైదానంలో బారులు తీరి నిలబడాలంటే, తుపాకిమందు అందుబాటులో ఉన్నంతకాలం నా ఓటు తుపాకికే. గోడ వెనక కాపలాకూ, చప్పుడు కాకుండా వేటాడ్డానికీ క్రాస్‌బోనే తీసుకుంటాను. పొడవాటి విల్లు అందరికీ ఇవ్వదగింది కాదు, చిన్నప్పటి నుంచీ లాగినవాళ్లు ముందే ఉంటే తప్ప.