పిల్లలూ పెద్దలూ కలిసి ఉండే ఇంటికి కేబుల్ టీవీ ఇంకా అవసరమేనా? హనుమకొండ నుంచి ఒక సమీక్ష

స్ట్రీమింగ్ యాప్‌లు ఫోన్లలోకే వచ్చేసిన ఈ రోజుల్లో నెలనెలా కేబుల్‌కు డబ్బు కట్టడం దేనికని మా వాడకట్టులో చాలామంది అడుగుతున్నారు. కొందరు ఇప్పటికే కనెక్షన్ తీయించేశారు కూడా. మేం తీయించలేదు. మా ఇంట్లో ఆరో తరగతి చదివే అబ్బాయి, రెండో తరగతి చదివే అమ్మాయి, డెబ్బై ఏళ్లు దాటిన మా అత్తగారు, ఉద్యోగాలకు వెళ్లివచ్చే మేమిద్దరం ఉంటాం. టీవీ మాత్రం ఒక్కటే. స్థానిక ఆపరేటర్ ఇస్తున్న కేబుల్ కనెక్షన్‌నూ, అదే తీగ మీద వచ్చే ఇంటర్నెట్‌తో చూసే యాప్‌లనూ చాలాకాలంగా పక్కపక్కనే వాడుతున్నాం కనుక నా అభిప్రాయం సూటిగానే చెప్పగలను: బడి వయసు పిల్లలు, పెద్దవాళ్లు కలిసి ఉండే ఇంటికి కేబులే ముందు, యాప్ ఆ తరువాత.

కేబుల్‌లో నాకు అన్నిటికంటే నచ్చే గుణం, ఏ కార్యక్రమమైనా దాని వేళకు అది అయిపోవడం. అరగంట కార్టూన్ అరగంటకు ముగుస్తుంది. తరువాత వచ్చేది పిల్లలకు నచ్చనిదో, ఇంతకుముందే చూసినదో అయితే వాళ్లంతట వాళ్లే లేచిపోతారు. యాప్‌లో అలా కాదు. ఎపిసోడ్ చివర పేర్లు పడుతుండగానే తెర మూలన అంకెలు తగ్గుతూ వచ్చి, ఎవరూ అడగకుండానే తరువాతిది మొదలవుతుంది. దాన్ని ఆపే పని ప్రతిసారీ తల్లిదండ్రుల మీదే పడుతుంది. ఈ ఆటోప్లేను చాలా యాప్‌లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపివేయవచ్చన్నది నిజమే. కానీ నచ్చిన కథ తాలూకు ఎపిసోడ్లన్నీ వరుసగా పేర్చి కళ్లముందు పెట్టినప్పుడు, ‘ఇంకొక్కటి చూస్తా అమ్మా’ అనే మాట రాకుండా ఎలా ఉంటుంది? కేబుల్‌లో రేపటి భాగం రేపే వస్తుంది కాబట్టి ఆ వాదనే పుట్టదు. ‘ఇగ బంద్ చెయ్యి బిడ్డా, అన్నం తిందువు రా’ అని మా అత్తగారు పిలిస్తే, కేబుల్ నడుస్తున్న రోజున ఆ ఒక్క పిలుపుతో పని జరుగుతుంది. యాప్ నడుస్తున్న రోజున నేను వంటింట్లోంచి రావలసి వస్తుంది.

ప్రకటనలను అందరూ తిడతారు గానీ మా ఇంట్లో వాటి వల్ల మేలే జరుగుతోంది. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదని కేబుల్ టెలివిజన్ నియమాలు చెబుతున్నాయి. ఆ 12 నిమిషాలూ ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఒక విరామంలో మా అమ్మాయి కంచాలు పెడుతుంది, ఇంకో విరామంలో మంచినీళ్ల సీసాలు నింపుతుంది, హాల్లోంచి కార్యక్రమం సంగీతం వినపడగానే తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ పరుగెత్తుతుంది. హోంవర్క్ డైరీలో మా సంతకాలు కూడా ఎక్కువగా ఈ విరామాల్లోనే పడుతుంటాయి. డబ్బు కట్టి ప్రకటనలు లేకుండా చూసే యాప్‌లో ఈ సందు దొరకదు.

పెద్దవాళ్ల సంగతి వేరు. మా అత్తగారు చదువుకోలేదు. చానెళ్లను నంబర్ల ఆకారంతోనూ, రిమోట్ మీద మీటలు ఉన్న చోటుతోనూ గుర్తు పెట్టుకుంటారు. ఆవిడ సీరియల్ వచ్చే చానెల్‌కు మొదట నొక్కవలసిన అంకె మీద ఒక ఎర్రని బొట్టుబిళ్ల అంటించుకున్నారు. అది ఊడిపోతే అద్దం మీది నుంచి ఇంకొకటి తీసి అంటిస్తారు. స్ట్రీమింగ్ పెట్టెతో వచ్చిన రిమోట్‌కు అంకెలే లేవు. దానిలో మైకు మీట నొక్కి మాట్లాడితే వెతికి పెడుతుందని పిల్లలు నేర్పించారు గానీ, బాపమ్మ మాటను అది ఒక తీరుగా విని మరో తీరుగా చూపించడంతో ఆవిడ దాన్ని పక్కన పెట్టేశారు. ఎవరినీ బతిమాలకుండా తనకు కావలసినది తానే పెట్టుకుని చూడగలగడం ఆ వయసులో చిన్న విషయం కాదు, ఈ సమీక్షలో కేబుల్‌కు నేను వేసే మార్కుల్లో సగం దీనికే. రెండేళ్లకొకసారి మేడారం జాతర వచ్చి, సమ్మక్కను చిలకలగుట్ట నుంచి గద్దెకు తీసుకొచ్చే సాయంత్రం, ఇప్పుడు అంత జనంలోకి వెళ్లలేని మా అత్తగారు వార్తా చానెళ్లు చూపే ప్రత్యక్ష ప్రసారం ముందు చేతులు జోడించుకుని కూర్చుంటారు. అదే దృశ్యం యూట్యూబ్‌లోనూ వస్తుందని మా అబ్బాయి చెబుతాడు. రావచ్చు, కానీ ఆవిడ చేతికి అందేది ఆ అంకెల రిమోటే.

అందరం కలిసి చూసే కార్యక్రమాలు తక్కువైపోయాయన్నది నా బాధ. కామెడీ షోలలో చాలావరకు ద్వంద్వార్థాల మీదే నడుస్తున్నాయి, పిల్లల ముందు వాటిని పెట్టడం నాకు సమ్మతం కాదు. 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారితో ఈటీవీలో మొదలై, ఆయన 2020లో కన్నుమూసిన తరువాత కుమారుడు చరణ్ గారు కొనసాగించిన ‘పాడుతా తీయగా’ వంటివి మాత్రం మూడు తరాలనూ ఒకచోట కూర్చోబెడతాయి. పాత పాట వస్తే అత్తగారు పల్లవి అందుకుంటారు, పిల్లలు తమకు నచ్చిన గాయకుడికి మార్కులు తగ్గాయని న్యాయనిర్ణేతలతో తగవు పడతారు, నేను ఉతికి ఆరిన బట్టలు మడతపెడుతూ వింటాను.

సినిమాల విషయంలో తల్లిదండ్రులు గమనించవలసిన తేడా ఒకటి ఉంది. టీవీలో వచ్చే సినిమా సెన్సార్ సర్టిఫికెట్‌కు లోబడి ఉంటుంది. పెద్దలకు మాత్రమేనని ‘ఎ’ సర్టిఫికెట్ పొందిన సినిమాను టీవీలో వేయాలంటే కోతలతో మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. స్ట్రీమింగ్‌లో ఆ ముందస్తు పరిశీలన లేదు. 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం సంస్థలే తమ కార్యక్రమాలను యు, 7+, 13+, 16+, ఎ అని వర్గీకరించుకుంటాయి, 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు ఇవ్వాలి. ఏర్పాటు ఇవ్వడమే వాళ్ల పని, వేసుకోవలసింది మనమే. అందుకని యాప్ వాడే ఇళ్లవాళ్లు పిల్లల పేరున వేరే ప్రొఫైల్ పెట్టి, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ తప్పనిసరిగా పెట్టుకోండి. కేబుల్ సెట్‌టాప్ బాక్స్‌లోనూ చానెళ్లకు తాళం వేసే వీలుంటుంది. చాలా పెట్టెలు 0000, 1234 వంటి పిన్‌తో వస్తాయి కనుక దాన్ని మొదటి రోజే మార్చాలి, లేకపోతే ఆరో తరగతి పిల్లవాడు ఇట్టే కనిపెడతాడు.

కేబుల్ బలహీనత పిల్లల కార్యక్రమాల్లోనే బయటపడుతుంది. ఖుషి టీవీ, 2021లో మొదలైన ఈటీవీ బాలభారత్ వంటి చానెళ్లు తెలుగులో వస్తున్నాయి, ఆ మేరకు సంతోషమే. కానీ మొత్తం మీద చూస్తే పిల్లలు చూసేవాటిలో ఎక్కువ భాగం ఎక్కడో తయారై తెలుగు డబ్బింగ్‌తో వచ్చినవే. మన ఊరి చెరువు, మన బోనాలు, మన బడి ఉన్న కథ తెర మీద దొరకడం అరుదు. ఈ లోటును యాప్‌లూ తీర్చడం లేదు. చదువు వరకు మాత్రం కేబుల్‌లో వచ్చే రెండు చానెళ్లను గుర్తు చేయాలి: తెలంగాణ ప్రభుత్వ టీశాట్ విద్య, నిపుణ. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలోనూ, టీశాట్‌లోనూ పాఠాలు నడిచాయి. అప్పుడు ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేని పిల్లలకు ఆ టీవీయే తరగతి గది అయింది.

ఖర్చు గురించి కొంత వివరంగా చెప్పాలి. 2019లో టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన విధానం ప్రకారం మనకు కావలసిన చానెళ్లను మనమే ఏరుకోవచ్చు. 2020 నుంచి 200 చానెళ్ల వరకు, ఇంటిదాకా చేర్చినందుకు ఆపరేటర్‌కు కట్టే నెట్‌వర్క్ రుసుము పన్ను కాకుండా 130 రూపాయలకు మించకూడదన్న పరిమితి ఉండేది, 2024 జులైలో దాన్ని ఎత్తివేశారు. ఆ రుసుము మీద, విడిగా డబ్బు కట్టి చూసే చందా చానెళ్ల ధర, 18 శాతం జీఎస్టీ కలుస్తాయి. ఏరుకునే హక్కు కాగితం మీద బాగానే ఉంది గానీ, మా ఆపరేటర్ దగ్గర అది అమలు కావడానికి గట్టిగా అడగవలసి వచ్చింది. మా ఇంట్లో ఎవరికీ రాని భాషల చానెళ్లు కట్టలో ఉన్నాయి, తీసేయమంటే ‘ప్యాకేజీ అంతే ఉంటది మేడం’ అన్నారు; చానెళ్ల జాబితా కాగితం మీద రాసి ఇచ్చాకే బిల్లు తగ్గింది. రసీదు కూడా అడిగితేనే ఇస్తారు. నెల చందానే వద్దనుకునేవాళ్లకు 2004లో మొదలైన దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉంది: గొడుగు, పెట్టె ఒకసారి కొనుక్కుంటే చాలు, అయితే చందా చానెళ్లలో వచ్చే సీరియళ్లను అందులో ఆశించకూడదు.

మరమ్మతుల విషయంలో మా ఆపరేటర్‌కు సగటు మార్కులే వేస్తాను. మా వైపు కోతుల బెడద ఎక్కువ; డాబా మీది నుంచి డాబా మీదికి దూకుతూ తీగ పట్టుకుని ఊగుతాయి, తీగ తెగిందంటే ఫైబర్ కాబట్టి టీవీ, ఇంటర్నెట్ రెండూ ఒకేసారి పోతాయి. పాత రాగి తీగ రోజుల్లో లైన్‌మన్ వచ్చి బ్లేడుతో పైతొడుగు చీల్చి కొత్త కనెక్టర్ బిగించి వెళ్లేవాడు. ఫైబర్ అతకడానికి యంత్రం కావాలి, ఆ యంత్రం ఉన్నవాళ్లు ఇంకో కాలనీలో ఉంటే మన వంతు దాకా ఆగాలి. ఆదివారమైతే ఫోన్ ఎత్తడమే కష్టం. వచ్చినప్పుడు మాత్రం పని శుభ్రంగా చేస్తారు, ఈసారి తీగను డాబా అంచున వేలాడనీయకుండా ప్లాస్టిక్ గొట్టంలోంచి తీసుకొచ్చారు. కొత్తగా కనెక్షన్ తీసుకునేవాళ్లు ఈ గొట్టం సంగతి ముందే అడిగి వేయించుకోవడం మంచిది.

పిల్లలు ఇంటర్ దాటి, ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకుంటూ, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరూ లేని కుటుంబానికి కేబుల్ కట్టడం దండగే; వాళ్లకు మంచి ఇంటర్నెట్, ఒక యాప్ సరిపోతాయి. మాలాంటి ఇంటివాళ్లు మాత్రం కనెక్షన్ తీయించే ముందు అవసరం లేని చానెళ్లు తీయించి బిల్లు ఎంతకు దిగుతుందో ఒక నెల చూడండి.