హైదరాబాద్ నుంచి విశాఖ: విమానమా, రాత్రి రైలా?

హైదరాబాద్ నుంచి విశాఖకు విమానం గంటా ఇరవై నిమిషాలు. టికెట్ మీద అలాగే ఉంటుంది. ఆ అంకె దగ్గరే మా ఇంట్లో ప్రతి పండక్కీ వాదన మొదలవుతుంది. ఇన్నేళ్లు రెండు రకాలుగానూ తిరిగాక, ఒక్క ఆ అంకెను చూసి టికెట్ కొనకూడదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ముందు దూరం సంగతి. గాలిలో ఈ రెండు ఊళ్ల మధ్య సుమారు 510 కిలోమీటర్లు. నేరుగా గీత గీస్తే అది భద్రాచలం దరిదాపుల నుంచి పోతుంది. రైలుకు ఆ దారి లేదు. వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకు దిగి, అక్కడి నుంచి ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట అంటూ కోస్తా వెంట మళ్లీ పైకి రావాలి. అందుకే సికింద్రాబాద్ నుంచి పట్టాల మీద 700 కిలోమీటర్ల దాకా అవుతుంది.

ఇక టైమ్. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కు గంట పైనే పడుతుంది. లగేజీ ఇచ్చే కౌంటర్ గంట ముందే మూసేస్తారు, కాబట్టి రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. విశాఖలో దిగాక బ్యాగు కోసం నిలబడి, క్యాబ్ పట్టుకుని ఇల్లు చేరేసరికి ఇంకో గంట. మొత్తం ఐదున్నర గంటలు. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టులో దిగాల్సి వస్తే అది ఊరికి 45 కిలోమీటర్లు, ఆరు గంటలు దాటినట్టే.

వందే భారత్ ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది. 2023 సంక్రాంతి నాడు ఈ దారిలో మొదలైంది. పగటి ప్రయాణానికి మంచి బండి. కానీ అంతసేపూ కూర్చునే ఉండాలి, నడుం నొప్పి ఉన్న మా అమ్మ వల్ల కాదు.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు పన్నెండు గంటల పైమాటే. సాయంత్రం ఎక్కితే తెల్లవారుజామున విశాఖ. అందులో ఏడెనిమిది గంటలు నిద్రలోనే పోతాయి. సెలవు రోజు పాడవదు, ఆఫీసు పూట కూడా కలిసొస్తుంది. అందుకే నా లెక్కలో ఈ పన్నెండు గంటలు విమానం తినే ఐదున్నర కంటే తక్కువే.

ఇంకో విషయం చాలామంది మర్చిపోతారు. మీ ఊరు నిజంగా విశాఖేనా? మాది తుని పక్కన. విమానంలో వెళ్తే మా ఊరు దాటి విశాఖలో దిగి, వంద కిలోమీటర్ల దాకా వెనక్కి రావాలి. రైలు తునిలోనే ఆగుతుంది. అనకాపల్లి వాళ్లకూ ఇదే లాభం.

సామాను సంగతీ చూసుకోవాలి. మామూలు విమాన టికెట్‌కు కౌంటర్‌లో ఇచ్చే లగేజీ 15 కిలోలే. నూనె తేలే ఆవకాయను చేతి సంచిలో రానివ్వరు. తిరుగు ప్రయాణంలో అమ్మ కట్టిచ్చే మూటలకు రైలే దిక్కు.

ఇంట్లో ఎవరికైనా బాగోలేదని ఫోన్ వస్తే మాత్రం ఈ లెక్కలేవీ వేయను, మొదటి విమానం ఎక్కేస్తాను. ఒక్కపూట పని చూసుకుని తిరిగి రావాలన్నా విమానమే నయం. పండక్కి, పెళ్లికి, పిల్లల సెలవులకు రాత్రి రైలు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతికైతే ఆ రోజు పొద్దున్నే కూర్చోండి, అమ్మకు లోయర్ బెర్త్ దొరకాలంటే అదొక్కటే దారి.