పడవలు ఒడ్డుకు లాగే సామాను: సెయిలింగ్ క్లబ్ డబ్బు దేనిమీద పెట్టాలి

హుస్సేన్‌సాగర్ లాంటి చెరువులో చిన్న తెరచాప పడవలు నడిపే క్లబ్‌కి ట్రాక్టర్ అక్కర్లేదు. పడవకొక ట్రాలీ, సేఫ్టీ బోటుకి (తోడుగా తిరిగే మోటారు పడవకి) బ్రేకున్న చేతి విన్చ్, అంటే తాడు చుట్టి లాగే సాధనం ఒకటి, నీళ్లలోకి దిగే పాచి పట్టని ర్యాంపు చాలు. కమిటీల్లో మాత్రం చర్చ ట్రాక్టర్ దగ్గర మొదలై ట్రాలీల దగ్గరికి వచ్చేసరికి డబ్బు అయిపోతుంది. అందుకే ఇక్కడ ట్రాలీ గురించే ఎక్కువ చెబుతున్నాం.

పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవ బాడీ 35 కిలోలు. లేజర్, అంటే ఇప్పటి ఇల్కా, 59 కిలోలు. ఇద్దరు నడిపే 420 రకం పడవ అయితే 80. ఈ బరువులు చూసి, నలుగురు పట్టుకుని మోసేస్తారులే అనుకుంటారు. దిగేటప్పుడు మోస్తారు, నిజమే. రెండు గంటలు నీళ్లలో అలసిపోయి వచ్చాక మాత్రం ఈడుస్తారు. కాంక్రీటు మీద ఒక్కసారి ఈడిస్తే అడుగున జెల్‌కోట్ (పైన ఉండే నున్నటి పూత) లేచిపోయి ఫైబర్ బయటపడుతుంది. ఆ అతుకు పని ఖర్చు ముందు ట్రాలీ ఖర్చు చవక. రెండు పడవలకు ఒక ట్రాలీ అన్న పొదుపు కూడా వద్దు. గాలివాన ముంచుకొస్తే పడవలన్నీ ఒకేసారి ఒడ్డుకు వస్తాయి, అప్పుడు సగం పడవలు నీళ్లలో ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉంటాయి.

దిగుమతి అయ్యే అల్యూమినియం ట్రాలీలు తేలిక, విప్పి పెట్టుకోవచ్చు. కానీ ఒక జాయింటు విరిగితే దానికి తగిన ముక్క ఇక్కడ దొరకడం కష్టం. మా ఓటు ఇక్కడి ఫ్యాబ్రికేషన్ షాపులో చేయించే ఇనుప పైపు ట్రాలీకే, అదీ పని సరిగా చేయించుకుంటేనే. వెల్డింగ్ అంతా పూర్తయ్యాకే హాట్‌డిప్ గాల్వనైజింగ్‌కి, అంటే కరిగిన జింక్‌లో ముంచి పూత వేయడానికి పంపాలి. ముందే గాల్వనైజ్ అయిన పైపు తెచ్చి అతికిస్తే అతుకు దగ్గర జింక్ కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. పైపు చివర్లు మూసేస్తే గాలి పోవడానికి బెజ్జాలు ఉండి తీరాలి. అవి లేని పైపును 450 డిగ్రీల జింక్‌లో ముంచితే లోపలి తేమ ఆవిరై పైపు పేలుతుంది. దాని బదులు సిల్వర్ పెయింటు కొట్టి ఇస్తామంటే ఒప్పుకోకండి.

చక్రానికి 4.00-8 టైరు పెట్టించండి. మన ఆటోలకు వేసే సైజే కాబట్టి ట్యూబు ఏ పంక్చర్ షాపులోనైనా దొరుకుతుంది. సన్నటి గట్టి చక్రాలు చూడ్డానికి బాగుంటాయి గానీ బురదలో కోసుకుపోతాయి. హబ్‌లో (చక్రం మధ్య భాగంలో) బాల్ బేరింగు బదులు నైలాన్ బుష్ మేలు. రోడ్డు మీద వేడెక్కిన బేరింగు హబ్బును చల్లటి నీళ్లలో దింపితే లోపలి గాలి కుంచించుకుని నీళ్లను లాక్కుంటుంది. గ్రీజు పాలలా తెల్లబడిందంటే అదే జరిగిందన్నమాట.

ఇల్కాను ట్రాలీ మీద అడుగు ఆనించి పెట్టకూడదు. పైపు ఒత్తిడికి అడుగు లోపలికి పోతుంది. రెండు పక్కల అంచులు బెల్టు మీద వేలాడాలి. ఇరుసు పడవ బరువు మధ్యకు కాస్త వెనక ఉండాలి, హ్యాండిల్ దగ్గర 5 నుంచి 8 కిలోలు తూగాలి. ఇరుసు ముందుకు జరిగితే నీళ్లలోంచి బయటికి వస్తూనే వెనక భాగం కిందికి కూలబడి హ్యాండిల్ గడ్డానికి తగులుతుంది.

ఒడ్డుకు తెచ్చేటప్పుడు మోకాలి లోతులోనే డాగర్‌బోర్డ్ (పడవ కిందికి దించే పలక) తీసి చుక్కాని ఎత్తాలి. ఒకరు పడవ ముక్కును గాలికి ఎదురుగా పట్టుకుంటే ఇంకొకరు ట్రాలీని పూర్తిగా ముంచి పడవ కిందికి తోయాలి. పడవ ముక్కు దగ్గరి తాడును ట్రాలీ హ్యాండిల్‌కి కట్టాకే కదలాలి. లోపల నీళ్లుంటే ర్యాంపు ఎక్కుతూనే వెనక బిరడా తీసేయండి. 50 లీటర్లంటే 50 కిలోలు. ఇరుసుకు గుర్రపుడెక్క చుట్టుకుంటే అక్కడికక్కడే కోసేయాలి, ఎండితే తాడులా బిగుస్తుంది.

ఇక సేఫ్టీ బోటు. మోటారు, పెట్రోలు, ట్రాలీ కలిపి 600 కిలోలు అనుకుందాం. 1:8 వాలుకు (ఎనిమిది అడుగులకు ఒక అడుగు ఎత్తు) 75 కిలోల లాగుడు, చక్రాల రాపిడికి ఇంకో పాతిక. పాచి లేని కాంక్రీటు మీద 100 కిలోలతో పోతుంది. చక్రం బురదలో దిగితే అదే 200 దాటుతుంది. హుస్సేన్‌సాగర్ ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పటి నీటి మట్టం, 513.41 మీటర్లు. మట్టం అంతకు ఒక్క అడుగు తగ్గినా ఈ వాలు మీద నీటి అంచు 8 అడుగులు వెనక్కి పోతుంది. ర్యాంపు చివర దాటి బురదలోకి దిగాల్సి వచ్చేది అప్పుడే.

500 కిలోల రేటింగున్న చేతి విన్చ్ దీనికి సరిపోతుంది. ఆ రేటింగు తాడు చుట్టుకునే డ్రమ్ము మీద మొదటి వరసకే అని గుర్తుంచుకోండి. తాడు నిండేకొద్దీ బలం సగానికి పడిపోతుంది. హ్యాండిల్ వదిలితే ఆగిపోయే బ్రేకు రకమే కొనండి. మామూలు రకంలో చెయ్యి జారితే హ్యాండిల్ గిర్రున తిరిగి మణికట్టు విరుగుతుంది. బ్రేకు డిస్కులకు నూనె, గ్రీజు తగలనివ్వకండి. డ్రమ్ము మీద ఎప్పుడూ మూడు చుట్లు మిగలాలి. 4:1 గేరుతో 20 మీటర్లు లాగడానికి 300 నుంచి 400 చుట్లు తిప్పాలి, ఇద్దరు మార్చుకుంటే అలుపుండదు. లాగుతున్నంతసేపు తాడు వరసలో ఎవరూ నిలబడకూడదు. కరెంటు విన్చ్ పెట్టేవాళ్లు కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా స్విచ్ వేయొద్దు.

ట్రాక్టర్ ఎందుకు వద్దంటే, దమ్ము చేసే ట్రాక్టర్లను చూసినవాళ్లకు ముందు చక్రాల హబ్బుల్లోకి నీళ్లు పోవడం తెలిసిన సంగతే. ర్యాంపు మీదా అదే తంతు, పైగా డ్రైవరు, బీమా. ఏడాదికి రెండుసార్లు నీళ్లలోంచి పైకెత్తాల్సిన కీల్‌బోటు (అడుగున బరువైన కీల్ ఉన్న పెద్ద పడవ) ఉంటే హైడ్రా క్రేన్ (చక్రాల మీద నడిచే క్రేన్) అద్దెకు తెచ్చుకోండి. బూమ్ చాచేకొద్దీ దాని సామర్థ్యం తగ్గుతుంది కాబట్టి లోడ్ చార్టు అడిగి చూడాలి. పైన కరెంటు తీగలుంటే ఆ చోట క్రేన్ వద్దు, మాస్ట్ (తెరచాప స్తంభం) నిలబెట్టిన పడవా వద్దు.

అన్ని ట్రాలీలకూ ఒకేసారి ఆర్డరు ఇవ్వకండి. ఒకటి చేయించి, పడవ ఎక్కించి హ్యాండిల్‌ను కాటా మీద తూచండి. నీళ్లలో ముంచి తీశాక ఒక పక్కకు వంచి చెవి పెట్టండి. పైపులో గలగలమంటే లోపల నీళ్లు నిలిచాయి, అంటే బెజ్జం కిందికి లేదు. మిగతావి చేసేముందే అది సరిచేయించండి.