నాలుక మీద తీపి పోతే ఒంట్లో షుగర్ పోయినట్టు కాదు: కోనసీమ వాళ్లు జాగ్రత్త

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఉంటే దయచేసి ఇది చివరిదాకా చదవండి. మా కొత్తపేట, రావులపాలెం వైపు ఊళ్లలో ఉచిత షుగర్ పరీక్ష అని శిబిరం పెట్టి, షుగర్ పోగొడుతుందంటూ పొడి డబ్బాలు అమ్ముతున్నారు. మా మావయ్యగారు 3 డబ్బాలు కొన్నారు, 6,900 రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆయన కాలి బొటనవేలు తీసేయాల్సినంత పనయ్యింది.

సంక్రాంతి వెళ్లిన వారానికి వచ్చారు వాళ్లు. అరిసెలు, సున్నుండలు తిని షుగర్ ఉన్నవాళ్లందరికీ లోపల బెంగగా ఉండే రోజులవి. మావయ్యగారు పెసరట్టు ఉప్మా తిని వెళ్లారు. వేలు గుచ్చి 238 అని చీటీ మీద రాసి, గోడకి తగిలించిన చార్టులో 126 దగ్గరున్న ఎర్ర గీత చూపించారట. అది పరగడుపున చూసుకునే లెక్క. టిఫిన్ తిన్న గంటకి వచ్చిన అంకెని దాంతో పోల్చకూడదని అక్కడ ఒక్కరూ చెప్పలేదు.

ఆ భయం మీద అసలు పని మొదలుపెట్టారు. ఒక ఆకుపచ్చ పొడి నాలుక మీద వేసి, నిమిషం చప్పరించి పుక్కిలించమన్నారు. తర్వాత చెంచాడు పంచదార నోట్లో పోశారు. "ఎలా ఉంది బాబాయ్ గారూ?" అంటే, "ఇసకలా ఉందండీ" అన్నారట ఈయన. "నోట్లోనే పంచదారని చంపేసింది, రక్తంలో చంపదా?" అన్నాడట అమ్మేవాడు. ఇంటికొచ్చి నాతో కూడా చేయించారు. ఆ పొడి చప్పరించి ఆత్రేయపురం పూతరేకు ముక్క నోట్లో వేసుకుంటే తడి కాగితం నమిలినట్టుంది. నెయ్యి వాసన తెలుస్తోంది, తీపి మాత్రం చుక్క లేదు. నేనూ నమ్మేశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అందులో ఉన్నది పొడపత్రి. డబ్బా మీద మొదటి పేరు అదే. ఆ ఆకులో ఉండే జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గుర్తుపట్టే చోట అతుక్కుని, కాసేపు తీపి తెలియనివ్వవు. అరగంటకో గంటకో రుచి మళ్లీ మామూలే. మింగిన పంచదార మాత్రం ఎప్పటిలాగే రక్తంలోకి చేరుతుంది. పొడపత్రి మీద పరిశోధనలు జరిగిన మాట నిజమే. కానీ డాక్టరు రాసిన మందుబిళ్ల మానేసి దాని స్థానంలో ఇది వేసుకోవచ్చని ఎవరూ తేల్చలేదు.

మావయ్యగారు చేసింది అదే. "రెండూ కలిపితే పొడి పనిచెయ్యదు" అని వాళ్లు చెప్పారని, మాకెవరికీ చెప్పకుండా మెట్‌ఫార్మిన్ ఆపేశారు. పొడి వాడుతున్నానన్న ధైర్యంతో మధ్యాహ్నం భోజనం కాగానే ఒక బెల్లం పూతరేకు. "బెల్లమే కదమ్మా" అనేవారు. షుగర్ ఉన్నవాళ్లకి బెల్లమైనా పంచదారైనా పెద్ద తేడా లేదు, రెండిట్లో ఎక్కువ భాగం ఉండేది సుక్రోజ్ అనే చక్కెరే. నెల దాటేసరికి దాహం, రాత్రి నాలుగైదు సార్లు లేవడం, ఎంత తిన్నా ఆకలి, ఎప్పుడూ తీపి మీదే మనసు. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, "లోపలి చెడు బయటికొస్తోంది, మొదట పెరిగి తర్వాత దిగుతుంది" అన్నారు. దయచేసి ఈ మాట మాత్రం నమ్మకండి. రక్తంలో చక్కెర నిండుగా ఉన్నా ఒంటికి అందకపోతే ఆకలి అలాగే వేస్తుందని తర్వాత అమలాపురంలో డాక్టరుగారు చెప్పారు.

తోటలో చెప్పుల్లేకుండా తిరుగుతుంటే కొబ్బరి మట్ట ఈనె బొటనవేలి కింద గుచ్చుకుంది. గోరంత గాయం. 20 రోజులైనా మానలేదు, చుట్టూ నల్లబడింది. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ అంతకుముందు 7.2 ఉండేది, 10.4కి వెళ్లింది. ఇన్సులిన్ పెట్టారు, రోజూ డ్రెస్సింగ్. ఏడు వారాలకి మానింది. ఇంకో పది రోజులు ఆలస్యమైతే వేలు దక్కేది కాదన్నారు. ఆ మాట విన్న రోజు అత్తయ్యగారు అన్నం ముట్టలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాకే డబ్బా సరిగ్గా చదివాను. అడుగున చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, ఇది మందుగా వాడటానికి కాదు అని ఉంది. ముందు వైపు తెలుగులో మాత్రం "షుగర్‌కి శాశ్వత పరిష్కారం". మధుమేహం నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. బిల్లు అడిగితే ఇచ్చింది జీఎస్టీ నంబరు కూడా లేని గులాబీ రంగు చీటీ. డబ్బు వెనక్కివ్వమంటే ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మూలికల పొడి అని అమ్మే షుగర్ మందుల్లో షుగర్‌ని బాగా దించేసే గ్లిబెన్‌క్లమైడ్ లాంటి ఇంగ్లీషు మందులు చెప్పకుండా కలిపిన సందర్భాలు చాలా దేశాల్లో తనిఖీల్లో బయటపడ్డాయి. మా డబ్బాలో అలాంటివి ఉన్నాయని నేను అనడం లేదు, పరీక్ష చేయించలేదు. కానీ మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పొడి వాడుతూ చెమటలు పట్టి, చేతులు వణికి, తికమకగా మాట్లాడితే వెంటనే షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే, మింగగలిగే స్థితిలో ఉన్నప్పుడే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి పట్టండి. పావుగంటకి మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, 108కి ఫోన్ చెయ్యండి.

ఇప్పటికే కొన్నవాళ్లు డబ్బా పారెయ్యకండి. చీటీతో సహా మీ డాక్టరుకి చూపించండి, ఆపేసిన బిళ్లలు ఎలా మొదలుపెట్టాలో ఆయన్నే అడగండి. మా దగ్గర సీలు విప్పని డబ్బా ఒకటి మిగిలింది, ఫిర్యాదు కోసం అలాగే దాచాం.